కలిసి ఉంటే చాలా? ముల్కీ గొడవ నుంచి మన హాస్టల్ రూమ్ దాకా

ఈ ఎపిసోడ్ ఒక ఒప్పుకోలుతో మొదలుపెడతాను.

మాది గుంటూరు జిల్లా. బీటెక్ హైదరాబాద్‌లో చేశాను. హాస్టల్‌లో నా రూమ్మేట్‌ది సూర్యాపేట దగ్గర ఒక ఊరు. నాలుగేళ్ళు ఒకే రూమ్. ఒకే బకెట్, ఒకే చార్జర్, నెలాఖరులో ఇద్దరికీ కలిపి ఒకే బిర్యానీ. ఫ్రెండ్స్ వచ్చినప్పుడల్లా నేను వాడి మాటని ఇమిటేట్ చేసేవాణ్ణి. వాడు ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే, పక్కన కూర్చుని అదే యాసలో తిప్పి చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు. నాలుగో ఏడు ఒకరోజు మాత్రం నవ్వలేదు. "నాలుగేండ్లాయె రా ఒక్క రూముల ఉండవట్టి. నా మాట ఇంకా కామెడీయేనా నీకు?" అన్నాడు. అనేసి, బకెట్ తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. ఎందుకంటే మనందరికీ ఒక నమ్మకం ఉంటుంది. "మనుషులు దూరంగా ఉంటే అపోహలు, దగ్గరికొస్తే అన్నీ సర్దుకుంటాయి" అని. మరి నాలుగేళ్ళు నాలుగడుగుల దూరంలో పడుకున్న నాకు ఎందుకు సర్దుకోలేదు?

ఈ రోజు దీని గురించే మాట్లాడుకుందాం. రెండు గుంపుల మనుషులు కలిసినప్పుడు ఒకరి మీద ఒకరికున్న ముద్రలు ఎప్పుడు చెరిగిపోతాయి, ఎప్పుడు ఇంకా గట్టిపడతాయి? దీనికి ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. మన తెలుగువాళ్ళ చరిత్రలోనే దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. ముందు కొంచెం దూరం వెళ్ళి, తర్వాత మన దగ్గరికి వద్దాం.

1944 చలికాలం. రెండో ప్రపంచ యుద్ధం. యూరప్‌లో అమెరికా సైన్యానికి ముందు వరసలో పోరాడే మనుషులు తక్కువ పడ్డారు. అప్పట్లో అమెరికా సైన్యంలో నల్లవాళ్ళ యూనిట్లు వేరు, తెల్లవాళ్ళ యూనిట్లు వేరు. నల్లజాతి సైనికుల్లో ఎక్కువమందికి లారీలు నడపడం, సామాను దించడం లాంటి పనులే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు గతిలేక వాళ్ళని అడిగారు, పోరాటానికి ఎవరైనా ముందుకొస్తారా అని. వేలమంది వచ్చారు. సార్జెంట్ హోదాలో ఉన్నవాళ్ళు కూడా ఆ హోదా వదులుకుని మామూలు సిపాయిలుగా చేరారు. వాళ్ళని ప్లటూన్లుగా చేసి తెల్లవాళ్ళ కంపెనీల్లో కలిపారు. ప్లటూన్ లీడర్లు మాత్రం తెల్లవాళ్ళే. అయినా బురద ఒకటే, తుపాకీ గుండు ఒకటే, శత్రువు ఒకడే.

1945లో యుద్ధం ముగిశాక సైన్యం పరిశోధన విభాగం తెల్ల సైనికుల్ని ఒక ప్రశ్న అడిగింది. "మీ కంపెనీలో నల్లవాళ్ళ ప్లటూన్ కూడా ఉంటే మీకెలా ఉంటుంది?" నల్లజాతి సైనికులు అసలు లేని యూనిట్లలో 62 శాతం మంది "అస్సలు ఇష్టం లేదు" అన్నారు. అదే డివిజన్‌లో ఎక్కడో ఉన్నచోట 24 శాతం. అదే రెజిమెంట్‌లో ఉన్నచోట 20 శాతం. అదే కంపెనీలో పక్కపక్కన పోరాడిన చోట? 7 శాతం.

62, 24, 20, 7. దగ్గరయ్యే కొద్దీ ద్వేషం తగ్గింది. సైన్యం అప్పట్లో ఈ లెక్కల్ని బయటికి రానివ్వలేదు. 1949లో 'ది అమెరికన్ సోల్జర్' అనే పుస్తకంలో ఇవి అచ్చయ్యాయి. ఈలోగా 1948 జూలై 26న ప్రెసిడెంట్ ట్రూమన్ సైన్యంలో జాతి వివక్ష ఉండకూడదని ఆదేశం ఇచ్చాడు.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. దగ్గరగా ఉండటమే మందు అయితే, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు తరతరాలుగా దగ్గరగానే ఉన్నారు కదా? తెల్లవాళ్ళ ఇంట్లో వంట చేసింది నల్లజాతి ఆడవాళ్ళు. పిల్లల్ని ఎత్తుకుని పెంచింది వాళ్ళే. మరి ద్వేషం ఎందుకు పోలేదు? అంత దూరం ఎందుకు, మన ఊళ్ళ సంగతే చూడండి. పొలంలో రోజంతా పక్కపక్కనే పని చేస్తారు. మంచినీళ్ళు మాత్రం పైనుంచి దోసిట్లో పోస్తారు. ఇలా వందల ఏళ్ళు నడిచింది. అంతకంటే దగ్గర ఏముంటుంది?

ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం చేసింది హార్వర్డ్‌లో సైకాలజీ చెప్పిన గోర్డన్ ఆల్‌పోర్ట్. 1954లో ఆయన పుస్తకం 'ది నేచర్ ఆఫ్ ప్రెజుడిస్' వచ్చింది. ఆయన చెప్పింది సింపుల్‌గా ఇది. కలవడం ఒక్కటే సరిపోదు, కలిసే పద్ధతి ముఖ్యం. నాలుగు షరతులు ఉంటే కలయిక మేలు చేస్తుంది. ఒకటి, ఆ కలిసిన చోట ఇద్దరికీ సమాన హోదా ఉండాలి. రెండు, ఇద్దరికీ ఒకటే లక్ష్యం ఉండాలి. మూడు, ఆ లక్ష్యం కోసం పోటీ పడటం కాకుండా చేయీ చేయీ కలపాలి. నాలుగు, పైన ఉన్న అధికారం, చట్టం, ఆచారం దీనికి వెన్ను కాయాలి.

యుద్ధంలో కంపెనీలు పూర్తిగా కాకపోయినా చాలావరకు ఈ షరతుల్లో పడ్డాయి. తెల్లవాళ్ళ వంటిల్లు ఒక్క షరతులోనూ పడలేదు. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన 515 అధ్యయనాల్ని ఒకచోట పెట్టి చూశారు. మొత్తం మీద కలయిక అపోహల్ని తగ్గిస్తుందనే తేలింది. నాలుగు షరతులూ ఉన్నచోట ఆ ఫలితం ఇంకా బలంగా కనిపించింది.

సరే, ఇప్పుడు మన ఇంటికి వద్దాం. హైదరాబాద్.

'ముల్కీ' అనే మాట విన్నారు కదా. ముల్క్ అంటే ఉర్దూలో దేశం, రాజ్యం. ముల్కీ అంటే ఈ రాజ్యం వాడు. నాన్ ముల్కీ అంటే బయటివాడు. ఈ గొడవ 1969లో పుట్టింది కాదు, ఆంధ్రవాళ్ళతో మొదలైందీ కాదు. 19వ శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు పాలన బాగు చేయడానికి ఉత్తరాది నుంచి చదువుకున్న అధికారుల్ని తెచ్చాడు. అప్పటినుంచే స్థానికులకి కడుపుమంట ఉంది. మా కొలువులు బయటివాళ్ళకి పోతున్నాయని. చివరికి 1919లో ఏడో నిజాం ఒక ఫర్మానా ఇచ్చాడు. సర్కారు కొలువు కావాలంటే ముల్కీ అయి ఉండాలి, బయటినుంచి వచ్చినవాళ్ళైతే కనీసం 15 ఏళ్ళు ఇక్కడ నివాసం ఉండాలి అని.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసింది. పాత పాలన కూలిపోయింది, కొత్త పాలనకి మనుషులు కావాలి. మద్రాసు రాష్ట్రం నుంచి, ఇంకా వేరే చోట్ల నుంచి అధికారులు, గుమాస్తాలు, టీచర్లు వచ్చారు. వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. భాష ఒకటే కదా, కలిసిపోవాలి కదా?

ఇక్కడ ఒక విషయం గమనించండి, ఈ కథకి కీలకం ఇదే. నిజాం రాజ్యంలో ఆఫీసు భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది కూడా ఉర్దూలోనే. ఆంధ్ర ప్రాంతం బ్రిటిష్ పాలనలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. అక్కడ ఆఫీసులు, కాలేజీలు ఇంగ్లిష్‌లో నడిచాయి. 1948 తర్వాత హైదరాబాద్ ఆఫీసుల్లో ఫైళ్ళు ఇంగ్లిష్‌కి మారడం మొదలైంది. 20 ఏళ్ళు ఉర్దూలో చక్కగా ఫైలు నడిపిన మనిషి ఒక్కసారిగా డ్రాఫ్టు రాయడానికి తడుముకున్నాడు. పక్క కుర్చీలో కొత్తగా వచ్చినాయన గబగబా రాసేశాడు. చూసేవాళ్ళకి ఏమనిపించింది? "వీళ్ళకి పని రాదు" అనిపించింది.

నేను కోడ్ రాసి బతికినవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తాను. జావాలో పదేళ్ళు పనిచేసినవాణ్ణి తీసుకొచ్చి, రాత్రికి రాత్రి కంపెనీ మొత్తం పైథాన్‌కి మారిపోయిందనుకోండి. వాడు మర్నాడు నెమ్మదిగా టైప్ చేస్తే, వాడికి తెలివి లేదంటారా? కొలబద్ద మారిందంటారా? ఇక్కడ కొలబద్ద మారింది. కానీ ముద్ర పడింది మనిషి మీద.

రెండో వైపు కూడా చూడండి. తెలంగాణ కుర్రాడికి ఆంధ్రవాళ్ళు ఎక్కడ తగిలారు? తన పై ఆఫీసర్‌గా, తనకి రావాల్సిన ఉద్యోగంలో కూర్చున్నవాడిగా, దొంగ ముల్కీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడని చెప్పుకునే మనిషిగా తగిలారు. కోనసీమలో కూలి చేసుకునే మనిషి, ప్రకాశం జిల్లాలో కరువుకి వలసపోయే మనిషి వాడికి ఎప్పుడూ తగల్లేదు. తగిలినవాళ్ళని బట్టి ముద్ర పడింది, "వీళ్ళు జిత్తులమారులు, అన్నీ దోచుకుంటారు" అని. డేటా సైన్స్‌లో దీన్ని శాంపిల్ తప్పు అంటాం. రెండు వైపులా శాంపిల్ తప్పు. అయితే రెండు వైపులా ఒకటే బరువు కాదు. ఒకరి ముద్ర వెనకాల అధికారం ఉంది, రెండోవాళ్ళ ముద్ర వెనకాల పోయిన ఉద్యోగం ఉంది.

1952లో వరంగల్‌లో మొదలైన విద్యార్థుల ఆందోళన హైదరాబాద్‌కి పాకింది. "నాన్ ముల్కీ గో బ్యాక్" అన్నారు. "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని కూడా అన్నారు. చూడండి, గొడవ ఉద్యోగం గురించి. నినాదంలోకి మాత్రం తిండి వచ్చేసింది. ముద్రలు ఇలాగే పనిచేస్తాయి. సమస్య ఒకచోట ఉంటుంది, అది వెళ్ళి మనిషి మాట మీద, తిండి మీద, కట్టు మీద కూర్చుంటుంది. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో హైదరాబాద్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. దాని మీద జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు.

ఇప్పుడు నన్ను నిజంగా ఆశ్చర్యపరిచిన విషయం చెప్తాను. అదే 1952 మొదట్లో దేశంలో తొలి సాధారణ ఎన్నికలు జరిగాయి. నల్గొండలో రావి నారాయణ రెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఆయన పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ తరఫున నిలబడ్డారు. హైదరాబాద్‌లో కమ్యూనిస్టు పార్టీ మీద అప్పుడు నిషేధం ఉంది కాబట్టి ఆ పేరుతో పోటీ చేశారు. కమ్యూనిస్టులు అప్పటికే విశాలాంధ్ర కావాలంటున్నారు. అంటే ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒకే రాష్ట్రం. ఆ పేరుతో 1946లోనే ఒక చిన్న పుస్తకం రాసిన పుచ్చలపల్లి సుందరయ్యది నెల్లూరు జిల్లా. చండ్ర రాజేశ్వరరావుది కృష్ణా జిల్లా. ఇద్దరూ తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకులు. 1946 నుంచి 51 దాకా తెలంగాణ పల్లెల్లో దొరలకి, నిజాం సర్కారుకి, రజాకార్లకి వ్యతిరేకంగా పోరాటం నడిస్తే, దానికి బెజవాడ వైపు నుంచి మనుషులు, డబ్బు, తలదాచుకునే చోటు అన్నీ అందాయి.

అంటే ఒకే కాలం, ఒకే తెలంగాణ, అవే ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చిన మనుషులు. ఒకచోట "గో బ్యాక్" అన్నారు. ఇంకోచోట గుండెల్లో పెట్టుకున్నారు. తేడా ఎక్కడుంది? పట్నంలో ఆఫీసులో కలిసినప్పుడు ఒకరు పైన, ఒకరు కింద. ఉన్న కుర్చీ ఒకటే, దానికోసం ఇద్దరూ పోటీ. పల్లెలో కలిసినప్పుడు ఇద్దరికీ శత్రువు ఒకడే, లక్ష్యం ఒకటే, ప్రమాదం కూడా ఒకటే. జనం భూమి కోసం ఓటేశారే తప్ప విశాలాంధ్ర కోసం కాదు అని మీరు అనొచ్చు. కరెక్టే, చాలామంది అలాగే వేసి ఉండొచ్చు. కానీ "ఇది బయటివాళ్ళ పార్టీ" అని మాత్రం వాళ్ళని తోసెయ్యలేదు. నాకు అది చాలు.

తర్వాత కథ మీకు కొంత తెలుసు. 1955లో ఫజల్ అలీ కమిషన్ ఈ భయాల్ని గుర్తించింది. తెలంగాణని కొంతకాలం హైదరాబాద్ రాష్ట్రంగా వేరుగానే ఉంచి, 1961 ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే కలపండి అని చెప్పింది. ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు వైపుల నాయకులు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఉద్యోగాలకి 12 ఏళ్ళ నివాసం షరతు, తెలంగాణ మిగులు డబ్బు తెలంగాణకే ఖర్చు పెట్టడం, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు, ఇలాంటివి. ఆల్‌పోర్ట్ నాలుగో షరతు గుర్తుందా, అధికారం వెన్ను కాయాలని? ఈ ఒప్పందం కాగితం మీద అదే. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. మొదటి రోజే ఆ కాగితం చిరిగింది.

1969 జనవరిలో ఖమ్మం జిల్లా పాల్వంచ థర్మల్ కేంద్రంలో ఉద్యోగాల గొడవగా మొదలై తెలంగాణ అంతా అంటుకుంది. 369 మంది చనిపోయారని ఉద్యమకారులు చెప్తారు. 1971 ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచింది. 1972 అక్టోబర్‌లో ముల్కీ రూల్స్ చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, ఈసారి ఆంధ్ర వైపు మండింది. జై ఆంధ్ర ఉద్యమం. మన రాజధానిలో మనమే పరాయివాళ్ళమా అని వాళ్ళ బాధ. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన పెట్టారు.

ఇక్కడ మా తాతయ్య వస్తాడు. తెనాలి దగ్గర నుంచి 1958లో వరంగల్‌కి గుమాస్తాగా వెళ్ళాడు. 1969లో భయపడి మా నాయనమ్మని, పిల్లల్ని ఊరికి పంపేశాడు. ఆ నెలల్లో ఆయనకి అన్నం పెట్టింది పక్కింట్లో ఉన్న ఒక తెలంగాణ మాస్టారు. తాతయ్య చివరిదాకా ఆయన పేరు చెప్తే కళ్ళు తుడుచుకునేవాడు. అదే తాతయ్య, అదే నోటితో, "ఆ వైపు వాళ్ళకి పని మీద ధ్యాస ఉండదురా" అనేవాడు. మరి మాస్టారు? అని అడిగితే, "ఆయన వేరురా. ఆయన అందరిలాంటివాడు కాదు" అనేవాడు.

"ఆయన వేరు." ఈ రెండు మాటలు చాలా డేంజర్ అండీ. ముద్రకి అడ్డొచ్చే మనిషి కనిపిస్తే మనం ముద్రని మార్చుకోం. ఆ మనిషిని తీసి పక్కన పెడతాం. కోడ్‌లో బగ్ వస్తే లాజిక్ సరిచేయకుండా, ఆ ఒక్క కేసుకి ఒక ఇఫ్ కండిషన్ రాసి వదిలేసినట్టు.

దీన్ని కొలిచిన వాళ్ళు కూడా ఉన్నారు. ఇరాక్‌లో ఐసిస్ దాడుల తర్వాత సల్మా మూసా అనే పరిశోధకురాలు ఫుట్‌బాల్ లీగులు పెట్టింది. ఫలితాలు 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. కొన్ని టీముల్లో అందరూ క్రిస్టియన్లే. కొన్నిట్లో ముస్లిం ఆటగాళ్ళని కూడా కలిపారు. కలిపిన టీముల్లో ఆడిన క్రిస్టియన్ కుర్రాళ్ళు ఆరు నెలల తర్వాత కూడా ముస్లింలతో ప్రాక్టీస్ చేస్తూ కనిపించారు. కానీ మైదానం బయట? ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లో హోటల్‌కి వెళ్ళి తినడం లాంటి విషయాల్లో పెద్ద మార్పు లేదు. టీమ్మేట్లు మనవాళ్ళయ్యారు. బయట తెలియనివాళ్ళు అలాగే ఉండిపోయారు. మా తాతయ్య మాటే.

మన దేశంలో కూడా ఒకటి జరిగింది, మనకి బాగా అర్థమయ్యే భాషలో. క్రికెట్. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో మ్యాట్ లోవ్ అనే ఆర్థికవేత్త వేర్వేరు కులాల 1,261 మంది కుర్రాళ్ళని తీసుకున్నాడు. కొంతమందిని నెల రోజుల క్రికెట్ లీగుల్లో పెట్టాడు, కొంతమందిని ఆటలో పెట్టకుండా పోల్చడానికి ఉంచాడు. ఎవరు ఏ టీమ్ అనేది లాటరీ. కొన్ని టీముల్లో ఒకే కులం, కొన్నిట్లో కలగలుపు. ఎవరికి ఎవరు ప్రత్యర్థి అనేది కూడా లాటరీనే. 2021లో అచ్చైన ఫలితం ఏంటంటే, వేరే కులం వాడు తన టీమ్‌లో ఉంటే కులం దాటి స్నేహాలు పెరిగాయి, సొంత కులం వాడికే మేలు చేయాలనే బుద్ధి తగ్గింది. అదే వేరే కులం వాడు ఎదురు టీమ్‌లో మాత్రమే తగిలితే, కలవడం మొత్తం మీద తగ్గింది. ఒకే గ్రౌండ్, ఒకే ఆట, అవే కులాలు. ఏ వైపు నిలబడ్డావన్నదే తేడా.

1952లో హైదరాబాద్ ఆఫీసుల్లో రెండు ప్రాంతాల వాళ్ళని ఎదురెదురు టీముల్లో పెట్టారు. దానికి "ఇద్దరూ తెలుగువాళ్ళేగా" అని పేరు పెట్టారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ కథ విని "అయితే తెలంగాణ ఉద్యమం అంతా అపోహల వల్లే వచ్చింది, కాస్త కలిసి టీ తాగితే అయిపోయేది" అనుకోకండి. అది తప్పు. ఉద్యోగాలు నిజం, నీళ్ళు నిజం, పక్కన పడేసిన ఒప్పందం నిజం. స్నేహం న్యాయానికి బదులు కాదు. 2009లో వచ్చిన ఒక అధ్యయనం ఇంకా చేదు మాట చెప్పింది. బలం ఉన్న గుంపుతో హాయిగా, తీపిగా కలిసిపోయాక, బలం లేని గుంపు వాళ్ళు "వీళ్ళు మనకి న్యాయం చేస్తార్లే" అని ఆశపడతారట. తీరా పంచుకునే సమయానికి ఆ న్యాయం జరగలేదు. మంచిగా ఉండటం వేరు, సమానంగా పంచుకోవడం వేరు. నా రూమ్మేట్ మూడేళ్ళు నా జోకులకి నవ్వాడు కదా. అది స్నేహం అనుకున్నాను. కొంత స్నేహమే. కొంత, ఒక్కడే ఉన్నవాడు పదిమంది మధ్యలో చేసుకున్న సర్దుబాటు.

ఇప్పుడు నా ప్రశ్నకి నాకు సమాధానం దొరికింది. ఒకే రూమ్‌లో ఉన్నాం, బకెట్ సమానమే. కానీ భాష సమానం కాదు. నా మాటకి దగ్గరగా ఉండేది పాఠ్యపుస్తకంలో ఉంది, వార్తల్లో ఉంది, సినిమాలో హీరో మాట్లాడాడు. వాడి మాట ఎక్కువగా రౌడీకో, కమెడియన్‌కో ఇచ్చారు. రూమ్‌లోకి వచ్చేటప్పుడే మా ఇద్దరి హోదా వేరు. ఆ తేడాని నేను చూడలేదు, ఎందుకంటే నాకు చూడాల్సిన అవసరం రాలేదు.

చూసింది ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌లో. ఆ గొడవ తర్వాత రెండు నెలలకి. ప్రాజెక్ట్‌కి వాడు లీడ్. కోడ్ సగానికి పైగా వాడిదే. రాత్రి మూడింటికి సర్వర్ పడిపోతే ఇద్దరం కలిసి తిట్టుకుంటూ లేపాం. రివ్యూ రోజు ప్యానెల్ ముందు నిలబడి వాడు మాట్లాడుతుంటే విన్నాను. వాడి గొంతు కాదు అది. ఒక్కో మాట ఏరి, తూచి, నా యాసలోకి మార్చి చెప్తున్నాడు. చెమటలు పట్టాయి వాడికి, కోడ్ గురించి కాదు. తర్వాత నా వంతు వచ్చింది. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడి వచ్చేశాను. నాకు ఆ రెండో పని లేదు. నాలుగేళ్ళు ఒకే రూమ్ చూపించనిది, ఒకే టీమ్ పది నిమిషాల్లో చూపించింది.

2014 జూన్ 2 తర్వాత రాష్ట్రాలు రెండయ్యాయి. మనం మాత్రం ఇంకా కలిసే ఉంటున్నాం. పీజీ హాస్టళ్ళలో, ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో, పెళ్ళి సంబంధాల్లో. ఫోన్‌లో అయితే ఇంకా ఎక్కువ. కానీ ఫోన్‌లో ఎక్కువసార్లు ఎలా కలుస్తున్నాం? ఎదురు టీమ్‌గా. ఆ హీరో ఫ్యాన్, ఈ హీరో ఫ్యాన్. ఆ పార్టీ, ఈ పార్టీ. ఆ ప్రాంతం మీమ్, ఈ ప్రాంతం మీమ్. రోజుకి వందమంది తగులుతారు, ఒక్కడితో కూడా ఒక పని కలిసి చేయం. అందుకే మీరు ఆఫీసులో టీమ్ చేస్తున్నా, కాలేజీలో ప్రాజెక్ట్ బ్యాచ్ చేస్తున్నా, వాలీబాల్‌కి మనుషుల్ని పంచుకుంటున్నా, మన ఊరివాళ్ళం మనం అని కాకుండా కలిపి చూడండి. కలిపాక, ఎవరి మాట మీద నవ్వు ఎక్కువ వస్తోందో గమనించండి. "నువ్వు వేరు, మీవాళ్ళలాంటివాడివి కాదు" అనే మాట నోటిదాకా వస్తే అక్కడ ఆగండి. అది పొగడ్త కాదు.

ఈ స్క్రిప్ట్ రాశాక నా రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు వాడు వేరే కంపెనీలో మంచి పొజిషన్‌లో ఉన్నాడు. అప్పుడు చెప్పని సారీ ఇప్పుడు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వీడియోల నా ముచ్చట చెప్తవా?" అన్నాడు. నీకు ఇష్టమైతేనే అన్నాను. "చెప్పుడైతే చెప్పు గని, యాస చేసి చెప్పకు" అన్నాడు.

అందుకే మొదట్లో వాడి మాటని నేను చదివాను, నటించలేదు. వీడియో చూసినవాళ్ళు గమనించే ఉంటారు.

మీ తాతలో, అమ్మమ్మలో ఎవరైనా 1952, 1969, 1972 చూసినవాళ్ళు ఉంటే, ఏ వైపు వాళ్ళైనా సరే, ఒకసారి కూర్చోబెట్టి అడగండి. అప్పుడు వాళ్ళ పక్కింట్లో ఎవరు ఉండేవాళ్ళు అని. కథ అక్కడినుంచి మొదలవుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.